రేసు రికార్డుల్లో లేని పేర్లు

2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు జరిగింది, గుర్తుందా? ఫార్ములా ఈ అంటారు దాన్ని. మన దేశంలో ఆ పోటీ జరగడం అదే మొదలు. రికార్డుల్లో చూస్తే నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. న్యూజిలాండ్ కుర్రాడు నిక్ కాసిడీ రెండోవాడు, పోర్చుగల్‌కు చెందిన ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా మూడోవాడు. ట్రాకు పొడవు 2.83 కిలోమీటర్లు, మలుపులు 18.

అదే మా రాంగోపాల్‌పేటలో అడిగి చూడండి, ఇంటికో కథ వస్తుంది. కింది పోర్షన్ ఆవిడకి గుర్తున్నది ట్రాఫిక్. ఆ వారంలో ఆసుపత్రికి బయల్దేరితే ఆటో ఆయన ఊరంతా తిప్పి తీసుకెళ్ళాడట. పక్కింటి టీచరుగారికి గుర్తున్నది సచిన్ టెండూల్కర్. ఆ రోజు సచిన్ వచ్చాడు కదా, దూరం నుంచి బొటనవేలంత కనిపించాడని ఇప్పటికీ చెబుతుంది. మా ఇంట్లో పనిచేసే అక్క మరదలు గ్యాలరీల్లో శుభ్రం చేసే పనికి వెళ్ళింది. ఆమెకి కార్లు సరిగ్గా కనిపించనే లేదు. "జనం మొహాలు చూసిన అమ్మా. అందరి తలకాయలు ఒక్కసారి ఇటు తిరిగి, ఒక్కసారి అటు తిరిగినయి" అంది. రేసు గురించి నేను విన్న మాటల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఎవరు గెలిచారో పుస్తకాల్లో ఉంటుంది. ఎవరు చూశారో, చూడాలని ఉన్నా ఎవరు చూడలేకపోయారో మాత్రం ఎక్కడా ఉండదు. అది ఇళ్ళల్లో ఉంటుంది, అడిగితే బయటికొస్తుంది. అందుకే ఈసారి మా ఇంటి రేసుల చరిత్ర రాస్తున్నాను. మూడు తరాల కథ ఇది.

ముందు మా పేట గురించి రెండు మాటలు. దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ పేరు మీద వెలిసిన పేట ఇది. ఎం.జి. రోడ్డు మీద గడియారంతో ఉండే పాత పోలీస్ స్టేషన్ భవనం ఆయన కట్టించిందే. ఆ రోడ్డుని పాతవాళ్ళు ఇంకా జేమ్స్ స్ట్రీట్ అనే అంటారు. అక్కడి నుంచి నాలుగు అడుగులేస్తే రాణిగంజ్. బేరింగులు, బెల్టులు, పంపులు, బండి సామాన్లు ఏం కావాలన్నా జంటనగరాల వాళ్ళు అక్కడికే రావాలి. ఇంకొంచెం ముందుకు పోతే టాంక్‌బండ్. అంటే ఒకవైపు బండ్ల బజారు, ఒకవైపు చెరువు, మధ్యలో మేము. ఇలాంటి చోట పెరిగినవాళ్ళకి కార్ల పిచ్చి పట్టకపోతేనే ఆశ్చర్యం.

మా మామయ్యకి రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణం ఉండేది. ఇప్పుడు మా ఆయన చూసుకుంటున్నారు. మామయ్యకి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న ఒకే ఒక్క వ్యసనం షోలవరం. ఈ కాలం పిల్లలకి ఆ పేరు తెలియదు. మద్రాసుకి ఉత్తరాన, కలకత్తా వెళ్ళే హైవే మీద, రెడ్‌హిల్స్ దాటాక వస్తుంది ఆ ఊరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉండేది అక్కడ. యుద్ధం అయిపోయింది, రన్‌వే మిగిలింది. 1953లో పెట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్ళు దాన్నే రేసు ట్రాకుగా వాడుకున్నారు. దేశం నలుమూలల నుంచి జనం వచ్చేవాళ్ళు. గొండల్ మహారాజు, విజయ్ మాల్యా లాంటి డబ్బున్నవాళ్ళు విదేశీ కార్లతో దిగేవాళ్ళు. మధ్యతరగతి కుర్రాళ్ళు ఫియట్ కారుని ఇంటి వెనక విప్పి, బిగించి తీసుకొచ్చేవాళ్ళు. మామయ్యకి ఇష్టం ఆ రెండో రకం వాళ్ళే. "ఆ కార్బరేటర్ నా దగ్గర కొన్నదే" అని చెప్పుకోవడానికి కావచ్చు.

వాళ్ళందరిలో ఆయనకి దేవుడు కోయంబత్తూరు కరివర్ధన్. లక్ష్మీ మిల్స్ కుటుంబం, ఎప్పుడో తరాల కింద తమిళనాడులో స్థిరపడ్డ మన తెలుగు నాయుళ్ళు. కరివర్ధన్ రేసులు గెలిచి ఊరుకోలేదు, తనే రేసు కార్లు తయారుచేశాడు. 1983 చివర్లో మారుతి 800 వచ్చింది కదా, ఆ ఇంజను తీసుకుని ఒంటి సీటు రేసు కారుకి బిగించాడు. దాని పేరు ఫార్ములా మారుతి. ఆ ఇంజను బలం 40 హార్స్‌పవర్ కూడా ఉండదు. కానీ రాజాలు, కోటీశ్వరులు ఆడే ఆటని మామూలు కుర్రాళ్ళ చేతికి తెచ్చింది ఆ చిన్న కారే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆ వార్త వచ్చిన రోజు మామయ్య దుకాణం మధ్యాహ్నమే కట్టేసి ఇంటికొచ్చారట. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరు మీదే ట్రాకు ఉంది ఇప్పుడు.

ఈ కథలన్నీ నేను పెళ్ళై వచ్చిన కొత్తలో మామయ్య నోట విన్నవే. రాత్రి రైలెక్కడం, మద్రాసులో దిగి బస్సు పట్టుకోవడం, ఎండలో గడ్డిమోపుల వెనక నిలబడటం, చెవులు రెండు రోజులు గింగురుమనడం. ఆయన చెబుతుంటే అత్తమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. ఆమెకి ఇష్టం లేదేమో అనుకునేదాన్ని.

తర్వాత టీవీ కాలం వచ్చింది. ట్రాకు కూడా షోలవరం నుంచి శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకి మారింది, 1990లో. మామయ్య ప్రయాణాలు తగ్గాయి. మా ఆయనది కేబుల్ టీవీ అభిమానం. ఆదివారం సాయంత్రం ఫార్ములా వన్ అంటే ఆ రెండు గంటలు రిమోట్ ముట్టుకోవడానికి లేదు. నా పని మిర్చి బజ్జీలు వెయ్యడం. కార్లు గుండ్రంగా తిరుగుతుంటే నేను బజ్జీలు నూనెలో తిప్పుతుండేదాన్ని.

ఆ కాలంలో మా ఇంటి పెద్ద జ్ఞాపకం 2005. ఆ ఏడు మార్చిలో నరేన్ కార్తికేయన్ జోర్డాన్ జట్టు కారులో ఆస్ట్రేలియాలో దిగాడు. ఫార్ములా వన్‌లో పోటీపడ్డ మొదటి భారతీయుడు. అతనూ కోయంబత్తూరువాడే, అతని తండ్రి కూడా ర్యాలీల్లో పేరున్నవాడే. కుర్రవాడు మొదలుపెట్టింది ఫార్ములా మారుతితోనే. దాంతో మామయ్య అతన్ని సొంత మనవడిలా చూసేవారు. జూన్ 19న అమెరికాలో, ఇండియానాపోలిస్‌లో రేసు. మనకి రాత్రి బాగా పొద్దుపోయింది. 20 కార్లు బయల్దేరాయి. ఒక్క రౌండు అయ్యేసరికి 14 కార్లు పక్కకి వెళ్ళిపోయాయి! టైర్లు ఆ ట్రాకుకి తట్టుకోలేవని, ప్రమాదమని వాళ్ళు ఆగిపోయారు. ఆరే ఆరు కార్లు మిగిలాయి. మా ఆయన కేబుల్ వాడిది తప్పేమోనని వైరు కదిపి చూశారు. ఆ ఆరుగురిలో నరేన్ నాలుగోవాడు. 5 పాయింట్లు. అక్కడి జనం డబ్బులు వెనక్కివ్వమని గోల చేస్తుంటే, మా ఇంట్లో అర్ధరాత్రి మామయ్య బెల్లం ముక్క పంచారు. ప్రపంచం మొత్తానికి సిగ్గుచేటయిన ఆ రేసు మా ఇంట్లో పండగ. అభిమానుల జ్ఞాపకం అంటే ఇదే కాబోలు.

2011 అక్టోబరు 30న ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ జరిగింది. మామయ్యకి మోకాళ్ళ నొప్పులు, వెళ్ళలేకపోయారు. వరుసగా మూడేళ్ళు అక్కడ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. 2013 తర్వాత పన్నుల గొడవల్లో అదీ ఆగిపోయింది. 2019లో మామయ్య వెళ్ళిపోయారు. మా ఇంట్లో రేసుల ముచ్చట అక్కడితో ముగిసిందనే అనుకున్నాను.

అప్పుడు రేసు మా ఇంటి దగ్గరికే వచ్చింది. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్క్, అప్పటికింకా ప్రారంభం కాని కొత్త సచివాలయం, ఐమాక్స్, ఎన్టీఆర్ గార్డెన్స్, ఇవన్నీ కలిపి ట్రాకు వేశారు. మనం పిల్లల్ని పీచుమిఠాయి కొనిపెట్టడానికి తీసుకెళ్ళే దారి అది! 2022 నవంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్ పెట్టారు. అప్పుడు ట్రయల్స్‌తోనే సరిపోయింది. రేసులు డిసెంబరు 10, 11 తేదీల్లో జరిగాయి. ఆ లీగ్‌లో నాకు నచ్చిన నియమం ఒకటుంది. ప్రతి జట్టులో నలుగురు డ్రైవర్లు, అందులో ఒకరు తప్పకుండా ఆడమనిషి. మన హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టులో మన ఊరి కొండా అనిందిత్ రెడ్డితో పాటు ఫ్రాన్స్ అమ్మాయి లోలా లొవింఫోస్ ఉండేది. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఆ అమ్మాయి ఫోటో ఫోన్‌లో పెట్టుకుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఎందుకంటే మా ఇంట్లో అప్పటికే ఒక పంచాయితీ నడుస్తోంది. అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతానంటుంది. మా ఆయన, ఆడబిడ్డలు, మా అన్నయ్య అందరూ కంప్యూటర్స్ అంటారు. "ఆడపిల్ల, షెడ్లల్లో ఏం చేస్తుంది?" అన్నది అందరి మాట. మా ఆయన మాట ఇంకోలా ఉండేది. "పార్టుల వ్యాపారమే ఇంకెన్నాళ్ళుంటుందో తెలియదు, దీని చదువు కూడా అందులోకేనా?" అనేవారు. ఆయన భయం ఉత్తిది కాదు.

ఫిబ్రవరి రేసుకి మా ఆయన రెండు టికెట్లు కొన్నారు, తనకీ అమ్మాయికీ. ముందురోజు రాత్రి అన్నాలు తింటుంటే అత్తమ్మ అంది, "నేను పోత."

అందరం ఆమె వైపు చూశాం. డెబ్భై దాటిన మనిషి, ఎండలో మెట్లెక్కాలి. మా ఆయన "అమ్మా, టీవీల మంచిగ కనబడ్తది" అన్నారు.

"మీ నాయన గిట్లనే అన్నడు. ఒక్కసారి నన్ను తోల్కపోవయ్యా షోలవరం అంటే, ఆడోళ్ళకు ఆడ ఏముంటది అన్నడు. ఏటేటా పులిహోర కట్టిచ్చిన. నాలుగు దినాలు గల్లాపెట్టె కాడ నేను కూసున్న. పులిహోర పోయింది గని నేను పోలే."

నేను ఆ ఇంటికి వచ్చి ఇరవై ఏళ్ళు. ఆ మాట అదే మొదటిసారి వినడం. మామయ్య కథలు చెబుతుంటే ఆమె వంటింట్లోంచి ఎందుకు వచ్చేది కాదో అప్పుడు అర్థమైంది. ఆయన మద్రాసులో ఉన్న నాలుగు రోజులూ దుకాణం నడిపింది ఈమే. క్లచ్ ప్లేటు, గాస్కెట్, ఫ్యాన్ బెల్టు అన్నీ పేర్లతో, నంబర్లతో ఇప్పటికీ చెప్పగలదు. మా వాషింగ్ మెషిన్ మోతపెడితే "6203 బేరింగు పోయిందేమో సూడు" అన్న మనిషి ఆమె. మేము నవ్వి ఊరుకునేవాళ్ళం. మా ఆయన ఇంకో మాట మాట్లాడలేదు. తన టికెట్ తల్లికిచ్చి, నాకొకటి కొని, తను దుకాణంలో టీవీ పెట్టుకున్నారు.

అలా మూడు తరాల ఆడవాళ్ళం రేసుకి వెళ్ళాం. కంచె అవతల కార్లు, వాటి వెనక చెరువు, చెరువు మధ్యలో బుద్ధుడు. కార్లు బయల్దేరాయి. అత్తమ్మ చెవులు మూసుకోవడానికి చేతులు పైకెత్తి, మళ్ళీ దించేసింది. "గింత పెద్ద పోటీ అంటిరి, సప్పుడే లేదు గద! మన గ్రైండరే నయం" అంది. చుట్టుపక్కల వాళ్ళందరూ నవ్వారు. నిజంగానే సన్నటి ఈల లాంటి శబ్దం తప్ప ఏమీ లేదు. అదేమో మారుతి 800 లాంటివి పది కలిపినా రాని బలమున్న కారు, 350 కిలోవాట్లు, అంటే 470 హార్స్‌పవర్ దాకా.

మధ్యలో ఒక గొడవ జరిగింది. అందరికన్నా ముందు వరసలోంచి బయల్దేరిన మిచ్ ఎవాన్స్‌ని, అదే జాగ్వార్ జట్టు శాం బర్డ్ మలుపులో గుద్దేశాడు. రెండు కార్లూ అవుట్. "ఒక్కింటోళ్ళేనా?" అని అడిగి, అవునంటే "తోటికోడళ్ళ లెక్క కొట్టుకున్నరు" అంది అత్తమ్మ.

చివరి రౌండ్లలోనే అసలు విషయం ఉంది. మా అమ్మాయి చెబితే నాకు అర్థమైంది. ఆ రేసులో ఈ కార్లకి మధ్యలో చార్జింగ్ లేదు. ఉన్న కరెంటుతోనే చివరిదాకా రావాల్సి వచ్చింది. బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి వస్తుంది. రేసులో వాడే కరెంటులో దాదాపు 40 శాతం అలా తిరిగొచ్చిందేనట! ముందున్న వెర్న్ దగ్గర వెనకున్న కాసిడీ కన్నా తక్కువ మిగిలింది. అయినా పొదుపుగా వాడుకుంటూ, దారివ్వకుండా, అర సెకను లోపు తేడాతో గెలిచాడు. నెలాఖరున గ్యాస్ సిలిండర్ ఊపి చూసి, ఇంకో రెండు రోజులు నడిపించే మనకి ఆ గెలుపు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

తిరిగి వస్తూ అత్తమ్మ మనవరాలిని అడిగింది. "గా బండికి క్లచ్ ఏడుంటది?"

"ఉండదు నానమ్మా. ఒక్కటే గేరు."

"ప్లగ్గులు?"

"ఉండవు."

"సైలెన్సర్?"

"అదీ ఉండదు."

కాసేపు లెక్కపెట్టుకుంటూ నడిచింది. "అయితే మన దుకాణంల సగం ర్యాకులు ఖాళీ" అంది. మా ఆయన భయం ఆమెకి అరగంటలో అర్థమైంది. కానీ ఆమె అక్కడ ఆగలేదు. "మీ తాత అంబాసిడర్ సామాను అమ్మెటోడు. మారుతి ఒచ్చింది, అది నేర్సుకున్నడు. ఇప్పుడు ఇది ఒచ్చింది. ఇంట్ల ఎవరో ఒకరు నేర్సుకోవాలె గద?"

ఆ రాత్రి అమ్మాయి మాకు బెర్తా బెంజ్ కథ చెప్పింది. 1888లో జర్మనీలో, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన బండిని ఎవరూ నమ్మి కొనడం లేదు. ఒక తెల్లవారుజామున భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని ఆవిడ 100 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో శుభ్రం చేసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు ముక్క వేయించింది. ఇంధనం మందుల షాపులో కొన్నది. కారులో మొదటి దూర ప్రయాణం చేసింది, మొదటి రోడ్డు పక్క రిపేరు చేసింది ఒక ఇల్లాలు! మరి మెర్సిడిస్ అన్నది ఆవిడ పేరేనా అని అడిగాను. కాదట. ఎమిల్ జెల్లినెక్ అనే వ్యాపారి 1899లో ఫ్రాన్స్‌లో నీస్ ఊరి రేసులో తన కూతురి పేరు పెట్టుకుని పోటీకి దిగాడట. తర్వాత ఆ పేరే కార్లకి వచ్చింది. చిన్నపిల్ల పేరు కారు మీద ఉంది, నడిపి చూపించిన ఆవిడ పేరు ఎంతమందికి తెలుసు?

అత్తమ్మ అంతా విని "పుట్టింటికే గద పోయింది, అందుకే అంత ధైర్యం" అని నవ్వింది. తర్వాత కొడుకుని పిలిచి, "పోరి ఏం సదువుతా అంటే అదే సదివియ్యి. నేను గల్లా కాడ కూసున్నప్పుడు నన్నెవ్వరు ఏమనలే" అంది. ఆ ఎండాకాలం కౌన్సెలింగ్‌లో అమ్మాయి మెకానికల్ పెట్టుకుంది. ఇంట్లో మాటలు లేకపోలేదు. మా ఆయన వారం రోజులు ముభావంగా ఉన్నారు. తర్వాత కాలేజీకి పనికొస్తుందని దుకాణంలోంచి ఒక స్పానర్ల సెట్టు తెచ్చి, ఏమీ అనకుండా దాని టేబుల్ మీద పెట్టారు.

2024 ఫిబ్రవరి 10న మళ్ళీ రేసు అన్నారు. జనవరిలో రద్దయింది. తర్వాత దాని చుట్టూ కేసులు, రాజకీయాలు వచ్చాయి. ఆ తగువు తీర్చడం నా పని కాదు. ట్రాఫిక్‌తో బాధపడ్డ కింది పోర్షన్ ఆవిడ మంచిదే అయిందంటుంది, ఆమె బాధ ఆమెది. మొత్తానికి మా చెరువు గట్టున ఆ పోటీ జరిగింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ మా అత్తమ్మ చూసింది. నలభై ఏళ్ళు ఆలస్యంగానైనా చూసింది.

మా అమ్మాయి ఇప్పుడు మూడో సంవత్సరం. బాహా అని ఇంజనీరింగ్ కాలేజీల వాళ్ళు సొంతంగా బండి తయారుచేసి పోటీపడతారు, ఆ జట్టులో ఉంది. గోళ్ళలో గ్రీజు పోవడం లేదని నేను సణుగుతుంటే, కిరసనాయిలు కాదు, కొబ్బరినూనె రాసి శనగపిండితో తోమితే పోతుందని అత్తమ్మ చెప్పింది. ఎలా తెలుసని అడగక్కర్లేకపోయింది.

మీ ఇంట్లో కూడా క్రికెట్టో, సినిమానో, జాతరో, ఎవరో ఒకరు గొప్పగా చెప్పుకునే కథ ఉండే ఉంటుంది. ఈసారి ఆ కథ చెప్పేవాళ్ళని కాదు, ఆ రోజు వాళ్ళకి టిఫిన్ కట్టిచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. నేను ఇరవై ఏళ్ళ తర్వాత విన్నాను. మీరు అంత ఆగకండి.